బతికున్నవాడికి వెలిగించిన వత్తి

పోయిన వారం మనం బిషెంతను వియ్యాలవారి ఇతురాల్దె ఇంటి వంటగదిలో, చేతిలో పాలగిన్నెతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా ఆవిడ ఆ గిన్నె పట్టుకుని అలాగే ఉంది. ఒక్కగానొక్క కూతురు షిషిలి పెళ్ళి కోసం పరాయి దేశం వచ్చింది. పరాయి దేశమంటే ఏడు సముద్రాలేం దాటలేదు. బిదసోవా నది వంతెనకి ఆ చివర స్పెయిన్, ఈ చివర ఫ్రాన్స్. రెండు చివర్లా ఒకటే భాష, ఒకటే మొక్కజొన్న రొట్టె, మధ్యలో మాత్రం తుపాకుల గార్డులు. వంతెన దాటనిచ్చే కాగితాలకి వాళ్ళ దయ కోసం వేసవంతా తిరిగింది. రావద్దని ఊరంతా మొత్తుకున్నా వినకుండా, కర్ర పోటేసుకుంటూ అత్తగారు మికేల కూడా బయల్దేరింది. తీరా ఇక్కడికి వచ్చాక, రేపు పెళ్ళనగా, వియ్యాలవారి మొదటి పొరుగు పలకరించడానికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి టోపీ తీశాడు. అతను ఎస్తెపన్. బిషెంత మొగుడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో పోయాడని ఇరవై అయిదేళ్ళుగా ఏ మనిషి పేరు మీద ఆవిడ ప్రతి ఆదివారం చర్చిలో మైనపు వత్తి వెలిగిస్తోందో, ఆ మనిషి.

గిన్నె కింద పడలేదు. పడుతుందనీ, పాలు ఒలికిపోతాయనీ మీరు అనుకుని ఉంటే బిషెంతను మీరింకా ఎరగరన్నమాట. ఆవిడ గిన్నెను బల్ల మీద పెట్టి, చేతులు నడుముకున్న గుడ్డకి తుడుచుకుంది.

"ఈయనే వదినగారూ, పక్కింటి మెండిబురు," అంది వియ్యపురాలు గషుష. "ఈవిడ వాళ్ళావిడ కత్తాలిన్. రేపు మీ అమ్మాయి చెయ్యి పట్టుకుని చర్చికి తీసుకెళ్ళేదీ, వచ్చాక మా గడప దాటించేదీ ఈయనే. మాకు పుట్టినా, పెళ్ళయినా, పోయినా ముందు కబురు వెళ్ళేది ఆ ఇంటికే. నా తోడబుట్టినవాళ్ళకి కూడా తరవాతే."

"దారిలో ఏం ఇబ్బంది పడలేదు కదా?" అన్నాడు ఆ మనిషి.

గొంతు కూడా అదే. వయసు అతని జుట్టు తెల్లబరిచింది, భుజాలు వంచింది, గొంతు జోలికి మాత్రం పోలేదు.

"లేదండీ," అంది బిషెంత. కట్టుకున్న మొగుణ్ణి అండీ అనడం ఆవిడకి అదే మొదటిసారి.

అప్పుడు ఆవిడకి పట్టుకున్న భయం తన గురించి కాదు. పొయ్యి పక్కన కుర్చీలో కూర్చుని చెస్ట్‌నట్ కాయలకి కత్తితో గాట్లు పెడుతున్న అత్తగారి గురించి. ఎనభై దాటిన మనిషి. చూపు సరిగ్గా ఆనదు, అదొక్కటే అదృష్టం. తల ఎత్తి, చచ్చిన కొడుకు గుమ్మంలో నిలబడి ఉండటం చూసిందంటే అక్కడికక్కడే గుండె ఆగిపోతుంది, పెళ్ళింట్లో శవం లేస్తుంది. బిషెంత గబగబా వెళ్ళి ఇద్దరి మధ్యా నిలబడింది.

"అత్తమ్మా, మీకు పొగ తగులుతోంది, ఇటు తిరగండి."

"నాకే పొగా తగలట్లేదు."

"తగులుతోంది," అంటూ కుర్చీని ముసలావిడతో సహా గోడ వైపుకి తిప్పేసింది. ముసలావిడ ఏదో గొణిగింది గానీ కాయలు ఒళ్ళోకి లాక్కుని మళ్ళీ గాట్లు పెట్టుకోసాగింది. గషుష ఆ తమాషా చూసి, వియ్యపురాలు గొప్ప గయ్యాళి కోడల్లా ఉందే అని మనసులో అనుకుంది.

"షిషిలి ఏది?" అని అడిగింది కత్తాలిన్. లావుగా, ఎర్రగా, నవ్వు ముఖంతో ఉండే మనిషి.

"మా అబ్బాయి బెతిరితో చర్చికి వెళ్ళింది, పెళ్ళికి ముందు ఫాదర్‌కి పాపాలు చెప్పుకోవాలిగా ఇద్దరూ. చీకటి పడేలోగా వచ్చి రాత్రి పడకకి మీ ఇంటికే చేరుతుంది. సరే గానీ, మంచం పైన విడి ముక్కలుగా పడి ఉంది. పెళ్ళి మంచం మొదటి పొరుగు బిగించాలి, పెళ్ళికూతురి తల్లి పక్క వెయ్యాలి, ఇంకెవరి చెయ్యీ పడకూడదు. వెళ్ళండి వదినగారూ, వెలుతురుండగానే కానివ్వండి."

బిషెంతకి కాదనడానికి ఒక్క సాకు కూడా దొరకలేదు. దుప్పట్ల మూట చంకన పెట్టుకుని, అతని వెనకే మెట్లెక్కింది.

కొత్త మంచం గోడకి జారేసి ఉంది. షిషిలి నదికి ఈ వైపున్న దోనిబానె రేవులో చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పనిచేసి కూడబెట్టిన జీతంతో చేయించుకున్న మంచం. గదంతా కొత్త చెక్క వాసన. ఎస్తెపన్ కొయ్య సుత్తి చేతిలోకి తీసుకున్నాడు.

"తలుపు మూయకు," అన్నాడు లోగొంతుకతో. "మూస్తే ఎందుకని అడుగుతారు. నేను కొడుతూ ఉంటాను. కొట్టేటప్పుడే మాట్లాడు. ఆ పట్టీ పట్టుకో."

పట్టుకుంది. అతను చీల పెట్టి ఠపీమని కొట్టాడు.

"చచ్చిపోయావు కదా నువ్వు!"

"నెమ్మదిగా."

"ఇరూన్ ఊరు తగలబడ్డప్పుడు మంటల్లో పడ్డావన్నారు ఒకళ్ళు. వంతెన మీద తూటా తగిలిందన్నారు ఇంకొకళ్ళు. ఎవరి మాట నమ్మాలో తెలియక కడుపులో పిల్లతో పిచ్చిదానిలా ఊళ్ళన్నీ తిరిగాను నేను."

"తెలుసు."

"ఏం తెలుసు నీకు!"

సుత్తి రెండు దెబ్బలు పడ్డాక అతను నోరు విప్పాడు. "యుద్ధం అయిపోగానే మత్తిన్‌తో కబురు పంపాను. గుర్తున్నాడా, కొండ మీదుగా దొంగసరుకు మోసేవాడు? ఇక్కడ మెండిబురు ఇంట్లో కూలికి ఉన్నానని చెప్పించాను. ఆడపిల్ల పుట్టిందని వాడే చెప్పాడు, పేరు మాత్రం చెప్పలేదు. చర్చిలో మన ఇంటికని ఉన్న చోట కూర్చుని నా పేరు మీద వత్తి వెలిగిస్తున్నావని కూడా వాడే చెప్పాడు."

మత్తిన్ తమ ఇంటికి ఎప్పుడొచ్చాడో బిషెంతకి ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు.

"ఆ వత్తి సంగతి విని నేను మురిసిపోయాను బిషెంతా," అన్నాడతను, రెండో కాలు సరిచేస్తూ. "నా పెళ్ళాం గుండె ఎంత గట్టిది అనుకున్నాను. గార్డుల కళ్ళెదుట, ఊరి కళ్ళెదుట, నల్ల బట్టలు కట్టుకుని, బతికున్న మొగుడికి వత్తి వెలిగిస్తూ కూర్చోవడమంటే మాటలా? ఇంకొకతె అయితే భయంతోనే పట్టుబడిపోయేది. ఎంత బాగా నటిస్తోందో అని…"

"ఆగు."

సుత్తి ఆగింది.

"ఏం, నిలబడిందా మంచం?" అని కింద నుంచి గషుష కేక.

"రెండు కాళ్ళయ్యాయి!" అని అరిచాడు ఎస్తెపన్.

"కొడుతూ ఉండు," అంది బిషెంత పళ్ళ మధ్య నుంచి. "నటించడమా? నువ్వు బతికున్నావని నాకు తెలుసని ఎవరన్నారు నీతో?"

ఎస్తెపన్ ఆవిడ ముఖంలోకి చూశాడు. వచ్చాక సూటిగా చూడటం అదే మొదలు. చూస్తూ చూస్తూ ఉండగానే అతని ముఖం పాలిపోయింది.

"నువ్వు ఒప్పుకున్నావన్నారు," అన్నాడు. "పారిపోయినవాళ్ళ ఇళ్ళూ పొలాలూ గార్డులు లాక్కుంటున్నారు, నేను బతికున్నానని తెలిస్తే మన అరిస్లూసె ఇల్లు దక్కదు, అందుకని పోయినట్టే ఉండమన్నారు. బిషెంతా అదే అంటోంది, ఇక తిరిగి రావద్దు అని…"

"ఎవరు? ఎవరన్నారు?"

"అమ్మ."

బిషెంత చేతిలో పట్టీ జారి కాలి మీద పడింది. నొప్పి తెలియలేదు. కింద పొయ్యి పక్కన, గోడకేసి తిప్పి కూర్చోబెట్టిన ముసలావిడ కళ్ళ ముందు మెదిలింది. ప్రతి ఆదివారం తన పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, చెక్కకి చుట్టిన వత్తిని తన చేత్తోనే విప్పి, ఇదిగో వెలిగించు అమ్మాయ్ అని అందించిన ముసలావిడ.

"నేను నిజంగా వెలిగించాను," అంది. "విన్నావా? నిజంగా. ఆ వెలుగు చూస్తూ, నీ ముఖం మరిచిపోతున్నానేమో అని భయపడి ఏడ్చేదాన్ని. పిండిమర ఆయన పెళ్ళాడతానని వస్తే నీ పేరు చెప్పి పంపేశాను. ఇరవై రెండేళ్ళప్పుడు కట్టుకున్న నలుపు ఇంతవరకూ విప్పలేదు. అదంతా నాటకమనుకుని నువ్వు ఇక్కడ మురిసిపోయావా?"

ఎస్తెపన్ ఆ సగం కట్టిన మంచం మీద కూలబడ్డాడు. పెద్దమనిషి, ఊరికి మెండిబురు యజమాని, ముఖాన్ని టోపీలో దాచుకున్నాడు. బిషెంతకి అతన్ని కొట్టాలనిపించింది. అతని నెత్తి నిమరాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేక దుప్పటి మడత ఊరికే విప్పి మళ్ళీ మడిచింది.

"సుత్తి విరిగిందా ఏం?" గషుష గొంతు.

"చీల వంకర పోయింది!" అన్నాడతను. ఆ గొంతులో తేడా కింద ఎవరికీ తెలియకపోవడం అదృష్టమే. లేచి మూడో కాలు అందుకున్నాడు.

"మళ్ళీ పెళ్ళెలా చేసుకున్నావు?"

"నువ్వు వదులుకున్నావనుకున్నాను. జర్మన్‌లు వచ్చిన రోజులు. దిక్కులేని కూలివాణ్ణయితే పట్టుకెళ్ళేవాళ్ళు, ఇంటి యజమాని అయితే వదిలేసేవాళ్ళు. కత్తాలిన్ విధవరాలు, మంచి మనిషి. వంతెన మీద నా పక్కనే పోయిన ఒక కుర్రాడి పేరు నా పేరని ఫాదర్‌కి చెప్పాను. ఆ పేరుతో కూడా ఎవరూ పిలవరు. మెండిబురు అంటారు, అంతే. మన వాళ్ళకి ఇల్లు తెలిస్తే చాలు కదా, మనిషెవరని అడగరు."

"షిషిలి నీ కూతురని నీకెప్పుడు తెలిసింది?"

"చర్చిలో పెళ్ళి చాటింపు చదివినప్పుడు. నాలుగేళ్ళుగా సెలవు రోజుల్లో మా ఇంటికి వచ్చి పోతూనే ఉంది. ఇరూన్ పిల్లనని చెప్పేది. కత్తాలిన్‌కి అల్లిక నేర్పేది. నాకు కాఫీ పోసి ఇచ్చి, ఎదురుగా కూర్చుని చూస్తూ ఉండేది. ఆ పిల్ల చూపేమిటో అలా ఉంటుంది అనుకునేవాణ్ణి. చివరికి ఒక ఆదివారం ఫాదర్ చదివాడు, అరిస్లూసె ఇంటి కీర్తిశేషుడు ఎస్తెపన్ కుమార్తె షిషిలి అని. చర్చి పై అంతస్తులో మగాళ్ళ బల్లల మీద కూర్చుని నా చావు నా చెవులతో విన్నాను. మూడు ఆదివారాలు విన్నాను."

ఇంటి పేరు దాచి ఇరూన్ పిల్లనని ఎందుకు చెప్పుకుందో అని బిషెంతకి ఒక్క క్షణం అనుమానం తగిలింది. అంతకన్నా పెద్ద బెంగ దాన్ని పక్కకి నెట్టేసింది.

"రేపు అదే మళ్ళీ చదువుతాడు ఫాదర్," అంది. "దాని చెయ్యి నీ చేతిలో ఉండగా. కీర్తిశేషుడి కూతురు అని. నేను ముందు బల్ల మీద కూర్చుని వినాలి. ఇంతకాలం తెలియక చేశాను, రేపు తెలిసి తెలిసి దేవుడి ముందు అబద్ధమాడాలి. అలా మొదలైన కాపురం నిలుస్తుందా? నువ్వు రేపు రాకు ఎస్తెపన్. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"మొదటి పొరుగు రాకపోతే ఈ ఊళ్ళో పెళ్ళి కదలదు. జ్వరమొచ్చినా మోసుకుపోతారు. చస్తేనే మినహాయింపు."

"చావడం నీకు కొత్తేం కాదుగా."

ఆ ఎత్తిపొడుపుకి అతను నవ్వాడు. పెళ్ళయిన కొత్తలో ఇలాగే నవ్వేవాడు. ఆ నవ్వు చూసేసరికి బిషెంతకి ఏడుపు ఆగలేదు.

"పోనీ చెప్పేద్దామా?" అన్నాడు. "అది కూడా ఆలోచించాను. చెబితే కత్తాలిన్ పెళ్ళి పెళ్ళే కాదు. మా అబ్బాయి మిషెల్ తండ్రి లేనివాడైపోతాడు. ఇరవై ఏళ్ళ వెధవ, ఫ్రాన్స్ సైన్యం తరఫున అల్జీరియాలో తుపాకీ పట్టుకుని ఏ గుట్ట వెనక దాక్కున్నాడో. గషుష అబద్ధాల ఇంటి పిల్ల మాకొద్దంటుంది. ఆ మనిషి అంటే అన్నట్టే. గార్డులు మళ్ళీ అరిస్లూసె తలుపు కొడతారు. షిషిలికి మొగుడూ ఉండడు, వెళ్ళడానికి ఇల్లూ ఉండదు."

మెట్ల మీద అడుగుల చప్పుడు. ఎస్తెపన్ ఆఖరి చీల మీద దబదబా బాదాడు. బిషెంత గబుక్కున కళ్ళు తుడుచుకుంది.

కత్తాలిన్ ఆయాసపడుతూ వచ్చింది, రెండు చేతుల నిండా తెల్లటి ఉన్ని దుప్పటి.

"నేను పక్క ముట్టుకోనులే అక్కా, ఆచారం నాకూ తెలుసు. ఇది మీ చేత్తోనే పరవండి. మిషెల్ పెళ్ళానికని నేసి దాచుకున్నాను. ఈ కొత్త మంచం మీద ఒక రాత్రి ఉంటే ఆ మంచి వాడికీ తగులుతుందేమో అని." బిషెంత కళ్ళు చూసి దగ్గరికొచ్చింది. "ఏడ్చారా? ఏడవండి. ఆడపిల్లని పంపడమంటే అంతే మరి. నాకు కూతురు లేదు గానీ ఆ పిల్లని చూస్తే నాకూ కడుపులో ఎలాగో ఉంది. మా ఆయన్ని చూడండి, చాటింపు చదివిన దగ్గర్నుంచీ ముద్ద సరిగ్గా ముట్టడు. సొంత కూతుర్ని పంపుతున్నట్టు!"

ఎస్తెపన్ దిగిపోయిన చీలనే మళ్ళీ ఒకసారి కొట్టాడు.

"మీ అబ్బాయి దగ్గర్నుంచి కబురుందా?" అని అడిగింది బిషెంత, ఏదో ఒకటి అడగాలి కనక.

"ఎక్కడక్కా! ఆదివారం చర్చికెళ్తే మా ఇంటి వత్తి ముట్టుకోవడానికే చేతులు రావట్లేదు. మా అత్తమామలకి వెలిగిస్తాను గదా, ఆ వెలిగించేటప్పుడు పొరపాటున వీడి పేరు మనసులోకొస్తే? బతికున్నవాడికి వెలిగించినట్టవదూ? అంతకన్నా పాపం ఉందా?"

బిషెంత ఆ దుప్పటి తీసుకుని మంచం మీద పరిచింది, నాలుగు మూలలూ సరిచేసింది, ముడతలు లేని చోట కూడా ముడతలు తీసింది. ఈవిడ్ని ద్వేషిద్దామని మెట్లెక్కేటప్పుడు అనుకుంది. ఇప్పుడు ఆ ద్వేషాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మంచం నిలబడింది. కత్తాలిన్ గషుషకి కోళ్ళ ఈకలు పీకడంలో సాయం చేస్తానని పెరట్లోకి వెళ్ళింది. సుత్తీ మిగిలిన చీలలూ సర్దుకుంటూ ఎస్తెపన్ పైనే ఉండిపోయాడు. బిషెంత ఒక్కతే వంటింట్లోకి దిగింది.

ముసలావిడ గోడకేసి అలాగే కూర్చుని ఉంది.

"అత్తమ్మా."

"మంచం నిలబడిందా?"

"మత్తిన్ మనింటికి ఎప్పుడొచ్చాడు?"

కత్తి ఆగింది. మికేల ఉలిక్కిపడలేదు, ఏ మత్తిన్ అని అడగలేదు.

"చెప్పేశాడన్నమాట," అంది. "ముందు ఈ కుర్చీ ఇటు తిప్పు. ఇందాకట్నుంచీ గోడ చూస్తూ కూర్చున్నాను. నా కొడుకు నా నెత్తి మీద గదిలో నడుస్తూ ఉంటే, గోడ చూడ్డానికా నేను నది దాటొచ్చింది?"

బిషెంత ఇందాక ఈ మనిషి గుండె ఆగిపోతుందని భయపడింది! చూపు ఆనదని సంబరపడింది! కుర్చీ తిప్పలేదు. తనే వెళ్ళి గోడకీ కుర్చీకీ మధ్య నిలబడింది.

"ఎందుకు చేశారు?"

"ఇల్లు నిలబడాలి."

"నాకెందుకు చెప్పలేదు? నేను మాట దాచలేనా?"

"మాట దాస్తావు. ముఖం దాచలేవు." ముసలావిడ గొంతులో కోపం లేదు, జాలీ లేదు. "గార్డులు ఇంటికొచ్చేవాళ్ళు, గుర్తుందా? మొక్కజొన్న కుప్పలు పొడిచి చూసి, చివరికి నీ ముందు నిలబడి, నీ ముఖంలోకి చూసి పోయేవాళ్ళు. నా ముఖం వాళ్ళకక్కర్లేదు. ముసలిది ఏడ్చినా నమ్మరు. పసిపిల్లని ఎత్తుకుని ఆ వత్తి ముందు నువ్వు ఏడుస్తుంటే నమ్మారు. నీ ఏడుపు నిజం కాకపోతే అరిస్లూసెకి ఇవాళ తలుపులు ఉండేవి కావమ్మాయ్."

"నా ఏడుపుని కంచెలా వేసుకున్నారు ఇంటికి!"

"అవును."

"తరవాతైనా? గార్డులు రావడం మానేశాక?"

"అప్పటికి వాడికి ఇక్కడ పెళ్ళయిపోయింది. ఏమని చెప్పను? నీ మొగుడు బతికే ఉన్నాడు, కానీ నీకు లేడు అనా?" మికేల ఒళ్ళో కాయలు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. "నువ్వు పోయాడనుకుని ఏడ్చావు. నేను బతికున్న కొడుక్కి చావు పూజ చేయించి, ఇంటికొచ్చి చారు కాచి అందరికీ వడ్డించాను. ఎవరికి ఎక్కువైందని నన్నడక్కు. నేను పోయే ముందు వాణ్ణొకసారి చూడాలి, అంతే. చూసి నోరు మూసుకుని పోతాను."

ఈ మనిషితోనే కదా బిషెంత ఇన్నేళ్ళు ఒకే చూరు కింద బతికింది, జ్వరమొస్తే ఒకరికొకరు గంజి కాచుకున్నారు. ఇంత చేసి కూడా ఎంత తిన్నగా మాట్లాడుతోంది!

"ఇది ఇంకెవరికైనా తెలుసా?"

"మత్తిన్ పోయాడు. నేనున్నాను." చూపు ఆనని ముసలావిడ కళ్ళు కిటికీ వైపు తిరిగాయి. బయట తుంపర పడుతోంది.

"అత్తమ్మా. ఇంకా?"

"షిషిలి దోనిబానెకే పనికి ఎందుకెళ్ళిందనుకున్నావు? మన రేవుల్లో చేపల ఫ్యాక్టరీలు లేకనా? వాడెలా ఉన్నాడో ఎవరో ఒకరు చూసొచ్చి నాకు చెప్పాలి కదా. నువ్వు వెళ్ళలేవు. నేను నడవలేను. ఇక మిగిలింది అదే. మెండిబురు ఇల్లు చూసి రమ్మని పంపాను. నాలుగేళ్ళు చూసింది. పక్కింటి కుర్రాణ్ణి కూడా చూసింది, అది మాత్రం నేను చెప్పింది కాదు."

ఎదురుగా కూర్చుని కాఫీ పోసి అలా చూస్తూ ఉండేదన్న మాట బిషెంత చెవిలో గింగురుమంది. ఇంటి పేరు ఎందుకు దాచిందో ఇప్పుడు తెలిసింది. మొగుడి నాటకం, అత్తగారి నాటకం ఆవిడ ఎలాగో ఓర్చుకునేదేమో. సెలవులకి ఇంటికొచ్చి తన పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, తను వత్తి వెలిగిస్తుంటే కళ్ళు మూసుకున్న కూతురు గుర్తొచ్చింది. అది మాత్రం మింగుడు పడలేదు.

వీధి తలుపు తెరుచుకుంది. షిషిలి లోపలికొచ్చింది, తల మీద కప్పుకున్న గుడ్డంతా తుంపరే. నవ్వు ముఖంతో వచ్చిన పిల్ల, తల్లి ముఖం చూసింది, నానమ్మ ముఖం చూసింది. నవ్వు పోయింది.

"నానమ్మా, చెప్పేశావా?"

బిషెంత చెయ్యి పైకి లేచింది. గాలిలోనే ఆగిపోయింది.

"కొట్టు," అంది షిషిలి. "కొట్టమ్మా. నిన్ను చూసినప్పుడల్లా నన్ను నేనే కొట్టుకోవాలనిపించేది. నానమ్మ సిలువ మీద ఒట్టు వేయించుకుంది. చెబితే నువ్వు చచ్చిపోతావంది."

"నేను చచ్చిపోతాననా? నన్ను బతికించడానికా మీరందరూ…"

"మెండిబురు ఆయనకి తెలియదు, నాకు తెలుసని." షిషిలి తల్లి చెయ్యి గాలిలోంచి పట్టుకుని కిందికి దించింది, వదల్లేదు. "ఇప్పుడే ఫాదర్ దగ్గర్నుంచి వస్తున్నాను. పాపాలన్నీ చెప్పాను, ఇదొక్కటి తప్ప. ఆయనకి అర్థమైపోయింది ఏదో మింగుతున్నానని. రేపు పొద్దున్నే పూజకి ముందు వచ్చి మిగతాది చెప్పు, చెప్పకపోతే నేను పెళ్ళి జరిపించను అన్నాడు. బెతిరి దారి పొడుగునా ఏంటది ఏంటది అని అడుగుతూనే ఉన్నాడు, బయట గుమ్మం పక్కన నిలబడి ఉన్నాడు. నాలుగేళ్ళు మోశానమ్మా, ఇక నావల్ల కాదు. వత్తి వెలిగించినదానివి నువ్వు. నల్లబట్ట కట్టుకున్నదానివి నువ్వు. నువ్వే చెప్పు. రేపు కీర్తిశేషుడి కూతురని చదివితే నేను అవునని తలూపనా, నా చెయ్యి పట్టుకున్న మనిషిని చూపించనా? నువ్వు ఏది చెప్తే అది చేస్తాను. పెళ్ళి పోయినా సరే."

పైన మెట్ల మీద సుత్తి కమ్మీకి తగిలిన చప్పుడయింది, ఎస్తెపన్ దిగుతున్నాడు. పెరటి తలుపు దగ్గర గషుషా, కత్తాలిన్ ఏదో చెప్పుకుని పెద్దగా నవ్వుకుంటూ కోళ్ళతో లోపలికి వస్తున్నారు. వీధి గుమ్మంలో బెతిరి గొంతు సవరించుకున్నాడు.

మికేల కర్ర ఊతంగా లేచి, కుర్చీని తనే మెట్ల వైపుకి తిప్పుకుంది.

బిషెంత కూతురి చేతిలోంచి తన చెయ్యి విడిపించుకుని, నోరు తెరిచింది.